"నోరు మూసుకుని చదువుకో" అనేవాళ్లకు

"స్టేజీ ఎక్కితే ర్యాంకు దిగుతది." సూర్యాపేటలో ఒక తండ్రి నా ముఖం మీదే అన్న మాట ఇది. కోదాడలో ఒక ప్రిన్సిపల్ దీన్నే కాస్త మర్యాదగా చెప్పారు: "ఎనిమిది దాకా సరే సార్, తొమ్మిది నుంచి ఈ ఉపన్యాసాలు, ఏకపాత్రలు పెట్టుకుంటే పిల్లలు చేజారిపోతరు." మిర్యాలగూడలో ఒక తల్లి ఇంకా సూటిగా అడిగింది: "మాటలు కూడు పెడతయా?" ఊళ్లు మూడు, మాట ఒకటే. ఆ మాట ఇప్పుడు అభిప్రాయం స్థాయి దాటి టైంటేబుల్లోకి ఎక్కింది. వక్తృత్వ పోటీ ఆగస్టు 15కు, జనవరి 26కు మిగిలింది. ఏకపాత్రాభినయం వార్షికోత్సవంలో రెండు డాన్సుల మధ్య బట్టలు మార్చుకునే వ్యవధిని పూరించడానికి మిగిలింది.

ఏళ్ల తరబడి ఈ మూడు ఊళ్లలో తెలుగు చెబుతూ, పిలిచిన చోటికల్లా న్యాయనిర్ణేతగా వెళ్లి కూర్చుంటున్నవాణ్ని. వాళ్ల వాదన బలం నాకు తెలుసు. ముందు దాన్ని ఏమీ తగ్గించకుండా చెబుతాను.

రెండెకరాల రైతు బిడ్డకు, మిల్లు హమాలీ కొడుక్కు పైకి రావడానికి ఉన్న దారి ఒక్కటే, పరీక్ష. ఆ పరీక్షలో మాటకు మార్కుల్లేవు. ఎప్‌సెట్ అంటే 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. మౌస్ నొక్కే వేలు చాలు, నోటితో పని లేదు. గ్రూప్-1లో కూడా 2022లో ఇంటర్వ్యూలు ఎత్తేశారు. పోటీలకు తయారవుతూ కూర్చుంటే చదివే టైం పోతుంది. పైగా పోటీల్లో పిల్లలు చెప్పేది సొంత మాట కాదు, టీచర్ రాసిచ్చిన బట్టీ. గెలిచేది పుట్టుకతోనే చొరవ ఉన్నవాళ్లు. బిడియస్తులు నలుగురిలో నవ్వులపాలవుతారు. చివరికి ఇదంతా హైదరాబాద్ ఇంటర్నేషనల్ స్కూళ్ల ముచ్చట, మనలాంటి ఊళ్లకు మోజు మాత్రమే.

ఇలా అనేవాళ్లు పిల్లలకు శత్రువులు కారు. అప్పు తెచ్చి ఫీజు కట్టేవాళ్లు. అందుకే ఈ వాదాన్ని వెక్కిరించి వదిలేయలేం, పోగుపోగూ విప్పి చూడాల్సిందే.

1. టైం పోతుందన్న లెక్క

లెక్కే వేద్దాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలి. ఒక పోటీకి తయారు కావడానికి రోజుకు అరగంట చొప్పున ఇరవై రోజులు పట్టిందనుకోండి. మొత్తం 10 గంటలు, అంటే నూటికి ఒక వంతు. ఈ ఒక్క వంతు తీసేస్తే కూలిపోయే చదువైతే, నిలదీయాల్సింది పోటీని కాదు, మిగతా తొంభై తొమ్మిది వంతులను.

ఆ పది గంటల్లో ఏం జరుగుతుందో కూడా చూడండి. "మూసీ కాలుష్యం" అని విషయం ఇచ్చి ఐదు నిమిషాలే టైం అంటే, పిల్లవాడు మొదట ఆరు పేజీలు రాసుకొస్తాడు. అందులో నాలుగు కొట్టేయాలి. ఏది ఉంచాలి, ఏది తీయాలి, ఏది ముందు చెప్పాలి, ఏ ఉదాహరణ చెబితే వెనక బెంచీవాడు కూడా తలెత్తుతాడు అన్నది తేల్చుకోవాలి. ఇది చదువుకు అడ్డమొచ్చే పని ఎలా అవుతుంది? పదో తరగతి సోషల్ పేపర్లో పెద్ద ప్రశ్నకు జవాబు రాయాలంటే కావాల్సిన పని అచ్చంగా ఇదే. గైడు ఇచ్చేది జవాబు. ఆ జవాబులో ఏది ముఖ్యమో తేల్చుకునే అలవాటు మాత్రం, నాలుగు పేజీలు కొట్టేసిన చేతికే వస్తుంది.

2. మార్కులు లేనిదానికి విలువ లేదన్న సూత్రం

మాటకు మార్కుల్లేవన్న మాటకే కాలం చెల్లింది. 2023-24 నుంచి తెలంగాణ ఇంటర్ బోర్డే ఇంగ్లిష్‌లో 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టింది. పిల్లలు నోరు తెరవడం లేదని బోర్డుకు అర్థమైంది, మన ఊళ్లకే ఇంకా కాలేదు. సివిల్స్‌లో 2025 మార్కులకు 275 మార్కులు ఇంటర్వ్యూవే. కేంద్ర విద్యాశాఖ 2015లో మొదలుపెట్టిన కళా ఉత్సవ్‌లో నాటకం ఒక విభాగం. ఆ ఉత్సవం తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం. మన ప్రిన్సిపల్ గారు ఎక్కడ తాళం వేస్తున్నారో సరిగ్గా అక్కడే దేశం తలుపు తెరుస్తోంది.

గ్రూప్-1 ఇంటర్వ్యూ మాటేమిటంటారు. దాన్ని ఎందుకు తీసేశారు? పైరవీలకు, అనుమానాలకు తావు ఉండొద్దని. మాట్లాడ్డం చేతకాని అధికారి చాలని ఎవరూ నిర్ణయించలేదు. వాదంలో తర్కం తెగేది ఇక్కడే: గేటు దగ్గర అడగరు కాబట్టి లోపల అక్కర్లేదంటున్నారు. అదే పరీక్ష రాసి గెలిచిన కుర్రాడు రేపు సోమవారం ప్రజావాణిలో బల్ల వెనక కూర్చుంటాడు. బల్లకు ఇవతల పాస్‌బుక్కు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఒక ముసలమ్మ నిలబడి ఉంటుంది. ఆమె చెప్పేది విని, ఆమెకు అర్థమయ్యే నాలుగు మాటల్లో "నీ పని ఇక్కడ ఆగింది, ఇలా చేస్తే కదుల్తది" అని చెప్పాలి. ఆ నాలుగు మాటలు ఏ ఆప్షన్‌లో ఉంటాయి?

ఇంజినీరింగ్ కథ ఇంకా విచిత్రం. ఎప్‌సెట్‌లో ఒక్కో ప్రశ్నకు 67 సెకన్లలో జవాబు కొట్టి సీటు తెచ్చుకున్న పిల్లవాడు నాలుగేళ్ల తర్వాత గ్రూప్ డిస్కషన్‌లో చేతులు నలుపుకుంటూ కూర్చుంటాడు. అప్పుడు అదే తండ్రి మళ్లీ అప్పు చేసి కమ్యూనికేషన్ స్కిల్స్ కోర్సుకు అమీర్‌పేట పంపిస్తాడు. పదమూడేళ్లప్పుడు బడిలో ఊరికే వచ్చేదాన్ని ఇరవై రెండేళ్లప్పుడు హాస్టల్ అద్దె కట్టి మరీ కొనుక్కుంటున్నాం. డబ్బు లెక్క తెలిసినవాళ్లు చేసే బేరమేనా ఇది?

3. బట్టీ అన్న నింద

ఇందులో నిజం ఉంది, ఒప్పుకుంటున్నాను. "వేదికనలంకరించిన పెద్దలకు" అని మొదలుపెట్టి ఒకే ప్రసంగాన్ని నలుగురు పిల్లలు వరసగా చెప్పడం విన్నాను. నలుగురూ ఒకే చోట ఊపిరి తీసుకున్నారు, ఒకే చోట పిడికిలి బిగించారు. ఏకపాత్రాభినయం అంటే చాలాచోట్ల 1977 నాటి దానవీరశూరకర్ణలో దుర్యోధనుడే. అట్ట కిరీటం, ప్లాస్టిక్ గద, మీసం ఊడకుండా ఒక చేత్తో పట్టుకుని ఏకధాటి డైలాగు. చప్పట్లకూ లోటుండదు.

అయితే ఈ నింద వేస్తున్నదెవరు? కెమిస్ట్రీ జవాబును కామాతో సహా అప్పజెప్పించుకునే బడి. బట్టీ ఉందని పరీక్షలు రద్దు చేయమని ఎవరూ అడగరు, పోటీలను మాత్రం రద్దు చేయమంటారు. రోగం ఒకటే అయినప్పుడు ఒకరికి మందు, ఇంకొకరికి మట్టి ఎందుకు? మందు కష్టమైనదేం కాదు. మొదటి రౌండు తయారై వచ్చింది చెప్పనీయండి. రెండో రౌండులో చీటీ తీయించి, మూడు నిమిషాలు ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాలు మాట్లాడించండి. టీచర్ రాసిచ్చిన కాగితం ఆ చీటీ దగ్గరికి రాలేదు.

బట్టీ కానిది ఎలా ఉంటుందో నేను ఒకసారి చూశాను. మిర్యాలగూడ దగ్గర ఒక పోటీ. ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్ల వచ్చింది. యూనిఫాం మీదే ఉంది, భుజాన వాళ్ల నాయన తువ్వాల. ఐకేపీ కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసుకుని ఎదురుచూస్తున్న రైతు ఆమె. ముందు ఎవరో ఉన్నట్టు కాస్త వంగి, "ఇయ్యాలన్నా కాంటా పెడతరా సారూ" అంది. అర భుజం అటు తిప్పింది, తేమ చూసే మనిషి అయిపోయింది. అరచేతిలో లేని మిషన్‌లోకి చూసి ఒక్క మాట అంది: "పంతొమ్మిది." తేమ 17 శాతం దాటొద్దని ఆ హాల్లో సగం మందికి తెలుసు. ఎవరూ కదల్లేదు. మళ్లీ రైతైంది. ఏడవలేదు, అరవలేదు. తల ఎత్తి మబ్బు దిక్కు చూసింది. తర్వాత రెండు పాదాలూ నేలకు ఈడుస్తూ స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది, మళ్లీ వెనక్కి వచ్చింది. వడ్లు ఆరడానికి కాళ్లతో దున్నడం చూసినవాళ్లకు అదేమిటో చెప్పక్కర్లేదు. గంట మోగేదాకా నడుస్తూనే ఉంది.

ఆ పిల్లకు ఆ నడక ఏ గైడులో దొరుకుతుంది? ఇంటి కష్టాన్ని బయట నిలబడి చూడటం, తమను తిప్పలు పెట్టే మనిషి గొంతులోకి కూడా పావు నిమిషం దూరడం, ఎక్కడ మాట ఆపితే ఎదుటివాడికి అర్థమవుతుందో తూచుకోవడం, ఇవన్నీ ఆమె పదమూడేళ్లకే చేసింది. దీన్ని టైంపాస్ అన్నవాళ్లు చదువు అని దేన్ని అంటారో నాకు తెలియదు.

ఆమెకు బహుమతి రాలేదు. దుర్యోధనుడికి వచ్చింది. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నేనూ ఒకణ్ని. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

4. బిడియస్తుల మీద జాలి

పోటీలు సిగ్గరి పిల్లల్ని గాయపరుస్తాయని దయగా చెప్పేవాళ్లున్నారు. ఈ దయ వల్ల ఎవరికి మేలో చూడండి. మామూలు క్లాసులో మాట్లాడేదెవరు? మొదటి బెంచీ చెయ్యెత్తేవాడే. సిగ్గరి పిల్ల వంతు ఏనాడూ రాదు. పోటీలో పేరు పిలుస్తారు. ఐదు నిమిషాలు ఆమెవే. మధ్యలో ఎవరూ అడ్డుతగలకూడదు. గంట కొట్టేది కూడా ఆ ఐదు నిమిషాలకు కాపలాగానే. ఏడాది మొత్తంలో ఆ పిల్ల మాటను పెద్దవాళ్లు పూర్తిగా, ఫోన్ చూడకుండా వినే సమయం బహుశా అదొక్కటే. జాలి పేరుతో దాన్నీ లాక్కుంటే ఆమెకు మిగిలేది మూల బెంచీ.

ఏకపాత్రాభినయం సిగ్గరికి ఇంకా పెద్ద అండ. "నేను" అని మాట్లాడలేని పిల్ల "నాయన" అయి మాట్లాడగలదు. తువ్వాల భుజాన పడగానే గొంతు ఎక్కణ్నుంచో వస్తుంది. రంగస్థలం మీద పనిచేసిన ఎవరినైనా అడగండి, బయట నోట్లో నాలుక లేనివాళ్లు ఎంతమంది నటులయ్యారో చెబుతారు.

ఓటమితో కుంగిపోతారన్నది మరో మాట. ఓటమి గురించి బోధించే అర్హత మన ర్యాంకుల చదువుకు ఉందా? 2019 ఇంటర్ ఫలితాల తర్వాత ఈ రాష్ట్రం చూసిన పిల్లల ఆత్మహత్యలను అప్పుడే మరిచిపోయామా? ఉపన్యాసంలో ఓడిన పిల్ల ఆ సాయంత్రం స్నేహితులతో మిర్చి బజ్జీ తిని ఇంటికెళుతుంది. రెండు నెలల్లో మళ్లీ పోటీ వస్తుంది. ఓటమి ప్రాణం తీసేది కాదని చిన్నప్పుడే, చిన్న మోతాదులో నేర్పే చోటు ఇంకెక్కడుంది?

ఓడినవాళ్లనూ పట్టించుకునే పోటీలు బయట ఉన్నాయి. అమెరికాలో హైస్కూలు పిల్లల ప్రసంగ, వాద పోటీలు నడిపే జాతీయ సంస్థ 1925లో పుట్టింది. మన ఏకపాత్రాభినయానికి దగ్గరి విభాగం అక్కడా ఉంది. పది నిమిషాలు గడువు. వేషం వేయకూడదు, చేతిలో వస్తువు ఉండకూడదు. ఉన్నదల్లా గొంతు, ఒళ్లు. గెలిచినా ఓడినా పాల్గొన్నందుకు పాయింట్లుంటాయి. న్యాయనిర్ణేత తన అభిప్రాయాన్ని కాగితం మీద రాసి ఇస్తాడు, అది పిల్ల చేతికి చేరుతుంది. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లు ఎందరో తమ పిల్లల్ని ఈ పోటీలకు వారాంతాల్లో కార్లో తిప్పుతున్నారు. ఇక్కడి అన్నదమ్ములు మాత్రం తమ పిల్లల నోటికి తాళం వేస్తున్నారు. ఒకే ఇంట్లో రెండు నీతులు.

5. "ఇది మన ఊళ్ల సంగతి కాదు"

అన్నిటికంటే నాకు కోపం తెప్పించే మాట ఇది. ఎవరి ఊళ్ల సంగతి కాదు? గొల్ల సుద్దులు పుట్టిన నేల ఇది. ఒకడు కథ అందుకుంటే పక్కవాళ్లు అడ్డు ప్రశ్న వేసి మాటను పదునెక్కించే విద్య అది. రాత్రిళ్లు గురువు దగ్గర వేషం నేర్చుకుని రైతులు, కూలీలు ఆడే చిరుతల రామాయణం తెలంగాణ పల్లెల్లో కొత్తది కాదు. పిట్టలదొర చెక్క తుపాకీ భుజాన వేసుకుని సంతలో నిలబడితే, రాతప్రతి లేకుండా అరగంట జనాన్ని నవ్వించేవాడు. తక్షణ ప్రసంగం అంటే అంతకంటే ఏముంది?

ఈ నేల మీద మాటకు మరో చరిత్ర కూడా ఉంది. ఒకప్పుడు ఇక్కడి పేదవాడికి దొర ముందు అనుమతి ఉన్న మాట ఒక్కటే: "బాంచెన్, నీ కాల్మొక్త." ఆ ఒక్క మాటను దాటి రెండో మాట మాట్లాడటమే తిరుగుబాటు అయింది. 1941లో కోదాడ పక్కనున్న చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. పాటతో, సుద్దులతో సుద్దాల హనుమంతు నల్లగొండ జిల్లా పల్లెలు తిరిగాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి తెలంగాణ రైతుల మీద రాసిన మా భూమి నాటకం 1947లో ఆంధ్ర ప్రాంతాన్ని ఊపేస్తే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఏ పనికీ రాని కాలక్షేపాన్ని ఏ ప్రభుత్వమైనా నిషేధిస్తుందా?

కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం పద్నాలుగు, పదిహేనేళ్ల ప్రాయంలోనే తెలంగాణ రైతాంగ పోరాటం కోసం ఊరూరా తిరిగి జనం ముందు పాట పాడింది, మాట్లాడింది. అదే వయసు పిల్లలకు మనం "నోరు మూసుకో" అంటున్నాం. తర్వాత ఆమె తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయింది. ఆమె జీవితకథ పుస్తకం పేరు 'నా మాటే తుపాకి తూటా'. సూర్యాపేట జిల్లా బిడ్డ తన బతుకంతటికీ పెట్టుకున్న పేరులో మొదట ఉన్నది మాట, తర్వాతే తూటా. "మాటలు కూడు పెడతయా" అని ఇక్కడ అడిగేవాళ్లు ఆ అట్ట ఒక్కసారి చూడాలి.

ఇక్కడ నా తోటి న్యాయనిర్ణేతలతోనూ ఒక తగాదా ఉంది. "వచ్చిండు" అన్నందుకు, "గట్లనే" అన్నందుకు మార్కులు కోసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంటి మాటతో వచ్చిన పిల్లకు "నీ మాట తప్పు" అని చెప్పి పంపితే ఆ పిల్ల ఇక మాట్లాడదు, అప్పజెబుతుంది. బట్టీ పుట్టేది టీచర్ కాగితంలోనే అనుకుంటాం. మన ఎర్ర పెన్నులో కూడా పుడుతుంది.

6. అసలు నష్టం ఎవరికి?

ఇన్ని కారణాలూ తీసేశాక మిగిలేది ఒకటుంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. మాట్లాడటం వచ్చిన పిల్ల అడుగుతుంది. హాస్టల్లో పప్పు నీళ్లలా ఎందుకుందని అడుగుతుంది. కట్టిన ఫీజుకు రసీదు అడుగుతుంది. డాక్టర్ చీటీ రాసిస్తే ఏ మందు దేనికని అడుగుతుంది. పెళ్లిచూపుల్లో తనకూ ఒక ప్రశ్న ఉందంటుంది. ఈ అడగడం చాలామందికి ఇబ్బంది. నిశ్శబ్దంగా కూర్చున్న తరగతిని క్రమశిక్షణ అని మెచ్చుకోవడం అందుకే సులువు.

అడగందే అమ్మైనా పెట్టదని మనమే అంటాం. అడగడం నేర్పే ఒక్క పోటీని మాత్రం దండగంటాం. ఈ దండగ లెక్క ఇలాగే సాగితే పదేళ్లలో ఈ మూడు ఊళ్ల నుంచి మంచి ర్యాంకులు చాలా వస్తాయి. తమ ఊరి గురించి కలెక్టర్ ముందు ఐదు నిమిషాలు నిలబడి చెప్పగల మనిషి మాత్రం దొరకడు. అప్పుడు మన తరఫున ఎవరో ఒకరు మాట్లాడతారు. మనకేం కావాలో వాళ్లే తేల్చేస్తారు.

కాబట్టి నేను పోటీలను ఉండనివ్వండని బతిమాలడం లేదు, పెంచమంటున్నాను. ప్రతి బడిలో వారానికి ఒక పీరియడు మాటకు ఇవ్వాలి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా, పదో తరగతిని వదలకుండా. ప్రతి పోటీలో చీటీ రౌండు ఉండాలి. వేషానికి, కిరీటానికి మార్కులు ఉండకూడదు. యాసకు కోత ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, విషయానికి ఎన్ని, గొంతుకు ఎన్ని, నటనకు ఎన్ని, ఎక్కడ తగ్గాయి, ఎందుకు తగ్గాయి అని రాసిన కాగితం ప్రతి పిల్ల చేతికీ అందాలి.

ఈ చివరి షరతు నా బుర్రలో పుట్టింది కాదు. ఆ రోజు బహుమతులు ఇచ్చేశాక, కుర్చీలు మడుస్తున్నప్పుడు, వడ్లు దున్నిన పిల్ల తువ్వాల చేతిలో పట్టుకుని నా దగ్గరకొచ్చింది. "సార్, నాకు ఎక్కడ తగ్గినయ్?" అని అడిగింది. నేను మార్కుల షీటు తీసి చూశాను. నా చేత్తో రాసిన మొత్తం ఒక్కటే ఉంది. గడులన్నీ ఖాళీ. చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత ఏ పోటీలోనూ నేను గడి నింపకుండా సంతకం చేయలేదు.

ఆ పిల్లకు ఇంట్లోనో బడిలోనో ఎవరో ఒకరు ముందే "నోరు మూసుకుని చదువుకో" అని నేర్పి ఉంటే, నా తప్పు నాకు ఇప్పటికీ తెలిసేది కాదు.